మణికొండ నుంచి ఆదివారం సైకిల్: 20–40 కి.మీ.లో చెట్లున్న దారి ఏది?

కొత్తపెడల్_మణికొండ

ఇద్దరం. రెండూ హైబ్రిడ్ సైకిళ్లే, 700×38 టైర్లు, ముందు 3, వెనుక 8 గేర్లు. ఒకరు 72 కిలోలు, ఇంకొకరు 58. సమతలంలో గంటకు 15 కి.మీ. వేగం నిలుస్తుంది. 20 కి.మీ. తేలిగ్గా అవుతోంది, 40 ఇంకా తొక్కలేదు. సైకిళ్లు కారుకు తగిలించుకునే ఏర్పాటు లేదు. ఇంటి నుంచే తొక్కుకుంటూ వెళ్లి ఎనిమిదిన్నరకల్లా వెనక్కి రావాలి.

ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్క సోలార్ సైకిల్ ట్రాక్ సరిపోతుందా, లేక గండిపేట, హిమాయత్ సాగర్, చిల్కూరు వైపు వెళ్లడం మేలా? చిల్కూరు రోడ్డు మీద సైకిల్‌తో భద్రమేనా? టైర్లలో గాలి ఎంత ఉంచాలో, వెంట ఏం పెట్టుకోవాలో కూడా చెప్పండి.

గండిపేట_గాలి

సోలార్ ట్రాక్ కాళ్లకు మంచిది, కండ్లకు కాదు. ముందుగాల ఈ ముచ్చట తేల్చుకోండ్రి. 2023 అక్టోబరుల తెరిచిన్రు, మొత్తం 23 కి.మీ., రెండు ముక్కలు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా పింక్ లైన్ 8.5 కి.మీ., నార్సింగి నుంచి కొల్లూరు దాకా బ్లూ లైన్ 14.5 కి.మీ. నాలుగున్నర మీటర్ల వెడల్పు, మూడు లేన్లు. నెత్తి మీద సోలార్ పలకలు, పక్కన లారీల మోత. పక్క పొంటి చెట్లు పెట్టిన్రు గానీ దాన్ని పచ్చదనం అనుకుంటే మీ ఇష్టం. ఇద్దరు పక్కపక్కన ముచ్చట పెట్టుకుంట తొక్కాలంటే మాత్రం ఊర్ల ఇంత మంచి జాగ ఇంకోటి లేదు. ఎండల, చీకట్ల గూడ తొక్కొచ్చు.

ట్రాక్ నడిమిట్ల జంక్షన్లు తగిలినప్పుడు బండ్ల రోడ్డు దాటాలె. ఆడ ట్రాక్ మీది ధైర్యం పనికిరాదు, దిగి నడిపించుకుంట దాటుండ్రి. సర్వీస్ రోడ్డు మీద రాంగ్ సైడ్ల బైకులు మస్తుగ వస్తయ్.

చెట్లు కావాలంటే మొదటి వారం గండిపేట పోండ్రి. నార్సింగి చౌరస్తా నుంచి కట్ట దాకా ఆరేడు కి.మీ. అంతే. పోయేటప్పుడు చెరువు దిక్కు దిగుడు ఎక్కువ, గాలిల తేలినట్టు పోతరు. వచ్చేటప్పుడు కోకాపేట మిట్ట మీకు ఎదురైతది. ఆడ ముందు గేరు నడిమిదాంట్ల పెట్టి, వెనుక గేర్లు ఎక్కుడు మొదలు కాకముందే తేలిక చేసుకోండ్రి. మిట్ట నడిమిట్లకు పోయినంక బలంగ తొక్కుకుంట మారిస్తే చైన్ కరకరమంటది, ఒక్కోసారి జారి కింద పడ్తది.

వానకాలం ఇంకో లెక్క ఉన్నది. ఉస్మాన్ సాగర్ (అదే గండిపేట చెరువు) నిండు మట్టం 1790 అడుగులు, హిమాయత్ సాగర్‌ది 1763.5. గేట్లు లేపిన్రని వార్త వస్తే నార్సింగి–మంచిరేవుల దిక్కు సర్వీస్ రోడ్డు, హిమాయత్ సాగర్ కింది సర్వీస్ రోడ్డు మూస్తరు. మూయకపోయినా పోవద్దు. రోడ్డు మీద అడుగు నీళ్లే కనిపిస్తయ్, కింద తారు కొట్టుకపోయిందా లేదా పైనుంచి తెల్వదు.

మర్రిఊడ

పైన చెప్పినవాటిలో గండిపేట సరే. కానీ 40 కి.మీ. లెక్కకు సరిగ్గా కుదిరేది చిల్కూరే. పింక్ లైన్ 8.5, అది ముగిసే పోలీస్ అకాడమీ దగ్గరి అప్పా జంక్షన్ నుంచి చిల్కూరు బాలాజీ గుడి దాకా సుమారు 12. పోను రాను 41. మణికొండ నుంచి ట్రాక్ మొదలు దాకా ఓ 5 వేసుకుంటే రోజుకు 51 అవుతుంది, అది గుర్తుంచుకోండి.

మీ వేగానికి సమయం ఇలా పడుతుంది. 4:45కి ఇల్లు, 5:05కి నానక్‌రాంగూడ, 5:40కి అప్పా జంక్షన్, 6:30కి చిల్కూరు. పావుగంట ఆగి 6:45కి తిరిగితే 8:25కి ఇల్లు. పంక్చర్ అయితే ఇందులో ఎక్కడా ఖాళీ లేదు. అందుకే మొదటిసారి ఎనిమిదిన్నర గడువు లేని రోజు చూసుకోండి.

ఇది జూన్‌లో కుదిరే లెక్క. జూన్ మొదట్లో 5:40కి సూర్యోదయం, అంటే అప్పా దగ్గర బీజాపూర్ హైవే ఎక్కేసరికి తెల్లగా వెలుతురు ఉంటుంది. జనవరిలో సూర్యుడొచ్చేది 6:50కి. అప్పుడు ఇదే సమయానికి బయల్దేరితే అప్పా నుంచి అటు దారి దాదాపు అంతా చీకట్లోనే తొక్కాలి. ట్రాక్ మీద దీపాలుంటాయి, హైవే మీద మిమ్మల్ని చూసేది ఎదురు లారీ హెడ్‌లైటే. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చిల్కూరు పెట్టుకోకండి. అకాడమీ దాకా వెళ్లి, వెలుగొచ్చాక సర్వీస్ రోడ్డు మీదే దక్షిణంగా నాలుగైదు కి.మీ. వెళ్తే హిమాయత్ సాగర్ వస్తుంది. చలికాలం ఉదయం నీళ్ల మీద మంచు లేస్తుంటే చూడాల్సింది అదే.

చిల్కూరు రోడ్డు భద్రమేనా అన్నారు. అప్పా నుంచి కొంత దూరం బీజాపూర్ హైవే మీదే వెళ్లాలి, తర్వాత కుడికి చిల్కూరు దారి. ఇబ్బంది అంతా ఆ హైవే ముక్కలోనే. అప్పా నుంచి మన్నెగూడ దాకా 46 కి.మీ. విస్తరణ, దానికి అడ్డొచ్చే తొమ్మిది వందల దాకా మర్రిచెట్ల సంగతి ఎన్జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్) దాకా వెళ్లిందని మీకు తెలిసే ఉంటుంది. తారు అంచు పక్క మట్టి కంటే రెండు మూడు అంగుళాలు ఎత్తుగా ఉన్న చోట్ల జాగ్రత్త. వెనుక లారీ హారన్ కొట్టగానే భయపడి చక్రం కిందికి దించుతారు, దించడం వరకు ఏమీ కాదు. మళ్లీ పైకి రావడానికి తారు అంచుకు సమాంతరంగా తొక్కుతూ మెల్లగా హ్యాండిల్ తిప్పినప్పుడే పడతారు. ముందు చక్రం అంచుకు రాసుకుని ఎక్కదు, మనిషి మాత్రం రోడ్డు వైపు పడిపోతాడు, అదీ లారీ ముందు. దిగితే దిగండి, మట్టి మీదే ఆపి, సైకిల్ ఎత్తి పైన పెట్టుకోండి.

మర్రిచెట్ల కింద ఇంకొకటి. పండ్లు రాలే రోజుల్లో అవి టైర్ల కింద నలిగి తారు మీద ఎర్రటి జిగురు పొరలా పరుచుకుంటాయి. ఎండలో అంటుకుంటుందంతే. రెండు చినుకులు పడితే సబ్బు రాసినట్టే. నీడలోకి వెళ్లేముందే వేగం తగ్గించండి, నీడలో ముందు బ్రేకు ముట్టుకోకండి.

శుక్ర, శని, ఆదివారాలు బాలాజీ గుడికి కార్లు వరస కడతాయి. వీసా మొక్కులవాళ్లు, 108 ప్రదక్షిణలవాళ్లు అందరూ తెల్లారే వస్తారు. ఆదివారం తప్ప కుదరదంటే ఆరున్నరకు అక్కడ ఉండి ఏడులోపు బయటపడండి.

కొత్తపెడల్_మణికొండ

చాలా బాగా చెప్పారు, ఇద్దరికీ థాంక్స్. అయితే జూన్‌లో వెళ్తే గాలి ఎటు వీస్తుంది? పంక్చర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. రోడ్డు పక్క షాపులు ఆ వేళకు తెరుస్తారా?

పల్లేరుకాయ

గాలి ముందు. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి పడమటి నుంచి వస్తుంది. అప్పా నుంచి చిల్కూరు వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. పోయేటప్పుడు పది నిమిషాలు ఆలస్యమైతే కంగారుపడి కాళ్లు కాల్చుకోకండి, తిరుగుదారిలో కలిసొస్తుంది. ఇద్దరిలో బలమైనవాళ్లు ముందుండి, రెండోవాళ్లు వెనుక చక్రానికి మీటరున్నర దూరంలో తొక్కితే వెనుకవాళ్లకు శ్రమ బాగా తగ్గుతుంది. అంతకంటే దగ్గరగా జరగకండి, అలవాటు లేనివాళ్లు చక్రాలు తగిలించుకుంటారు.

ఆరింటికి పంక్చర్ షాపు తెరిచి ఉంటుందన్న ఆశ పెట్టుకోకండి. ఉన్నా మీ వాల్వ్ చూసుకోండి. బైకు ట్యూబుకు ఉన్నట్టే లావుగా ఉంటే షాపు కంప్రెసర్ పనిచేస్తుంది. సన్నగా, కొస మర తిప్పేదైతే ప్రెస్టా, దానికి అడాప్టర్ మీ దగ్గరే ఉండాలి, నలభై యాభై రూపాయల వస్తువు. కంప్రెసర్‌తో సైకిల్ ట్యూబు కొట్టేటప్పుడు ఒక్కో సెకను కొట్టి, వేలితో నొక్కి చూడాలి. లారీ టైరు నింపే అలవాటులో పట్టుకుంటే ట్యూబు అక్కడే పేలుతుంది.

గాలి: 72 కిలోలకు వెనుక 60 పీఎస్ఐ, ముందు 52. 58 కిలోలకు వెనుక 52, ముందు 47–50. టైరు పక్కన అచ్చేసిన కనిష్ఠం కంటే దిగకండి. దిగితే గుంత అంచుకు రిమ్ తగిలి ట్యూబుకు పాము కాటులా జంట రంధ్రాలు పడతాయి.

ఇక ముళ్లు. ఇటువైపు రెండు రకాలు. సర్కారు తుమ్మ కొమ్మలు నరికి రోడ్డు పక్క పడేస్తారు, ముల్లు పొడుగ్గా, నిటారుగా దిగుతుంది, గాలి వెంటనే పోతుంది. రెండోది పల్లేరు కాయ. వానలు తగ్గాక, అక్టోబరు తర్వాత ఇసుక అంచుల్లో ఎండిపోయి ఉంటుంది. ఎటు పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. దిగింది కనిపించినా గాలి పోకపోతే అక్కడికక్కడ పీకకండి. ముల్లే బిరడాలా పనిచేస్తోంది, మెల్లగా తొక్కుకుంటూ ఇంటికి చేరి అప్పుడు తీయండి.

వెంట ఉండాల్సినవి: 700×35–43 ట్యూబు మనిషికొకటి, టైరు లివర్లు రెండు, చిన్న పంపు, ప్యాచ్‌లు, సొల్యూషన్, గరుకు కాగితం ముక్క. యాక్సిల్‌కు నట్లుంటే 15 ఎంఎం స్పానర్ మర్చిపోకండి. దాన్నే మర్చిపోయి మిగతావన్నీ మోసుకెళ్లేవాళ్లే ఎక్కువ.

దారిలో ప్యాచ్ వేయకండి, కొత్త ట్యూబు వేయండి. కానీ ముందు పాత ట్యూబును కొంచెం నింపి రంధ్రం ఎక్కడుందో చూసి, వాల్వ్‌ను రిమ్ రంధ్రానికి ఎదురుగా పెట్టి టైరు మీద పరవండి. టైరులో ముల్లు ఉండేది ఆ చోటే, లేదంటే వాల్వ్‌కు అవతలి వైపు అంతే దూరంలో. టైరు లోపలి వైపు దూది ఉండ తిప్పండి, ముల్లు మొన ఉంటే దూది పీచు పట్టుకుంటుంది. ఈ ఒక్క పని వదిలేసినవాళ్లకే కొత్త ట్యూబు కూడా రెండు కి.మీ.లలో పోయేది.

ప్యాచ్ ఇంట్లో వేసేటప్పుడు గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా రాసి, ఐదు నిమిషాలు వదలండి. తడి పోయి, వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడే ప్యాచ్ నొక్కాలి. తడి మీద వేస్తే అంచు లేస్తుంది.

గండిపేట_గాలి

58 కిలోలకు 52 గూడ జర ఎక్కువే, చేతులు గుంజుతయ్. టైరు మీద కనిష్ఠం 45 అని ఉంటే ముందు 45 పెట్టుండ్రి.

ఇంకొకటి, కుక్కలు. తెల్లారంగ మాంసం దుకాణాల చెత్త పడేసే కాడ మందలుంటయ్. ఉరికిచ్చినయంటే పారిపోయెటట్టు తొక్కకుండ్రి, ఇంకింత ఎగవడ్తయ్. పెడల్ ఆపి మెల్లగ చేసి, అవసరమైతే దిగి సైకిల్‌ను నడుమ అడ్డం పెట్టి నడువుండ్రి. పది అడుగులు పోయినంక వాటి హద్దు దాటుతరు, అవే ఆగుతయ్.

నీళ్లు మనిషికి గంటకు అర లీటరు నుంచి ముప్పావు. చిల్కూరు రోజుకు రెండు సీసలు. ఓఆర్ఎస్ కలిపితే లీటరు ప్యాకెట్ లీటరు నీళ్లల్లనే కలుపుండ్రి. అర లీటరు సీసల ప్యాకెట్ మొత్తం పోస్తే కడుపు తిప్పుతది, ఆడికెల్లి అప్పా దాకా నడిపించుకుంటనే రావాలె.