ఒకే ఎల్ఈడీ బోర్డు: పార్కింగ్‌కి మసకగా, బ్రేక్‌కి పూర్తిగా వెలగాలంటే?

ప్రశ్న:
కారు వెనక లైటుకి ఎర్ర ఎల్ఈడీలు మూడేసి సిరీస్‌లో పెట్టి బోర్డు చేశాను. పార్కింగ్ వైరుకి 3.3 కిలో ఓమ్స్ రెసిస్టర్, బ్రేక్ వైరుకి 470 ఓమ్స్ రెసిస్టర్. బల్ల మీద రెండూ భేషుగ్గా పనిచేశాయి. కారులో బిగిస్తే బ్రేక్ ఓకే, పార్కింగ్ వేస్తే అసలు వెలగట్లేదు. బుర్ర పనిచేయడం లేదు.

జవాబు:
అవతలి వైపు బ్రేక్‌కి ఇంకా పాత ఫిలమెంట్ బల్బే ఉందా? ఉంటే దొంగ అదే. పార్కింగ్ కరెంటు మీ 470 మీదుగా బ్రేక్ వైరులోకి వెనక్కి వెళ్లి, ఆ బల్బు గుండా గ్రౌండ్ అయిపోతోంది. ఎల్ఈడీల దగ్గర రెండు వోల్టులు కూడా మిగలవు, మూడింటికి కలిపి దాదాపు ఆరు కావాలి. ప్రతి వైరులో ఒక 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది) పెట్టండి, గీత ఉన్న కొస ఎల్ఈడీ వైపు.

జవాబు:
లెక్క 12 వోల్టులకి కాదు, ఇంజిన్ నడిచేటప్పుడు వచ్చే 14.4కి వేయండి. డయోడ్‌కి 0.7, ఎల్ఈడీలకి ఆరు పోగా బ్రేక్‌లో 16 మిల్లీయాంప్స్, పార్కింగ్‌లో 2.3. రెండూ కలిసినా 20 దాటదు. తేడా ఏడు రెట్లు, బాగానే తెలుస్తుంది. 470 మాత్రం అర వాట్‌ది వాడండి.

ప్రశ్న అడిగినవారు:
అవునండీ, అవతల పాత బల్బే! డయోడ్లు పెట్టాక రెండూ వెలుగుతున్నాయి. పార్కింగ్ ఇంకొంచెం పెంచాలంటే?

జవాబు:
3.3 తీసి 2.2 కిలో ఓమ్స్‌ది పెట్టండి. అంతకన్నా తగ్గించొద్దు, బ్రేక్‌తో తేడా పోతుంది.