తాష్కెంట్ తర్వాత మన సైన్యం వెనక్కి రావడాన్ని ఏమనాలి?

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమ, అమలాపురం దగ్గర పల్లెటూరు. మా పెదనాన్నగారు 1965 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో పనిచేశారు. నిన్న సాయంత్రం మా అబ్బాయి ఆయన్ని అడిగేశాడు: "కాశ్మీర్‌లో గెలుచుకున్న హాజీపీర్ కనుమ తిరిగి ఇచ్చేశాక ఇంక గెలిచినట్టెలా తాతయ్యా?" ఆయన మాట్లాడలేదు. ఒలుస్తున్న కొబ్బరికాయ పక్కన పెట్టి, చేతికంటిన పీచు దులుపుకుంటూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయారు. నాకు మనసు చివుక్కుమంది.

1966 జనవరి 10న తాష్కెంట్‌లో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం ప్రకారం ఫిబ్రవరి 25లోగా రెండు సైన్యాలూ 1965 ఆగస్టు 5కి ముందున్న చోట్లకు వెళ్లిపోవాలి. అంటే వెనక్కి వచ్చింది మనమొక్కరమే కాదు, పాకిస్తాన్ కూడా తను ఆక్రమించిన మన ఛంబ్ ప్రాంతం ఖాళీ చేసింది. పైగా కాశ్మీర్ కోసం వాళ్లు తలపెట్టిన పని నెరవేరలేదు. నా లెక్కలో అది గెలుపేనండి. హాజీపీర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం నా వాదన ఆగిపోతోంది.

యుద్ధంలో గెలుపంటే అనుకున్న లక్ష్యం చూడాలా, చివరికి చేతిలో మిగిలిన నేల చూడాలా? ఒప్పందంతో వెనక్కి రావడాన్నీ, ఓడి వెనక్కి తగ్గడాన్నీ సైన్యంలో వేరువేరు మాటలతో చెబుతారా? మిలటరీలో చేసినవారు, చరిత్ర చదివినవారు కాస్త వివరంగా రాయండి. పెదనాన్నగారికి చదివి వినిపిస్తాను.