"వ్రా"ను "రా" చేయబోయి: టెర్మినల్‌లో మూకుమ్మడి మార్పులను నిషేధించాలా?

ప్రతిశోధకుడు:
పాత తెలుగు పుస్తకాలను టైపు చేసి అచ్చుతప్పులు దిద్దే ఒక చిన్న స్వచ్ఛంద బృందంలో నేను పనిచేస్తున్నాను. వచన గ్రంథాలలో "వ్రాయు" రూపాలను "రాయు"గా మార్చాలని మేము నిర్ణయించుకున్నాము. మూడు వందల పైచిలుకు ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరవడం ఎందుకని, లినక్స్ టెర్మినల్‌లో (కమాండ్‌లు టైపు చేసే తెరలో) ఫైళ్లను వెదికే ఫైండ్ కమాండ్‌తో అన్నిటినీ పట్టి, పాఠాన్ని మార్చే సెడ్ కమాండ్‌కు, అసలు ఫైలు మీదనే రాయమనే మైనస్ ఐ తగిలించి, "వ్రా" కనబడిన ప్రతిచోటా "రా" పెట్టమన్నాను. క్షణాల్లో పని ముగిసింది. మర్నాడు చూస్తే "తీవ్రావేశం" కాస్తా "తీరావేశం" అయి కూర్చుంది. పద్యాల ఫోల్డరు కూడా అక్కడే ఉన్నదన్న సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. "వ్రా"లోని వకారానికి యతి కుదిరిన పాదాలన్నీ చెడిపోయాయి. వెనక్కి మార్చడానికీ వీలులేదు, ఎందుకంటే "రా"లన్నిటినీ "వ్రా" చేయమంటే రాముడు వ్రాముడవుతాడు.

ఫైళ్ల పాత రూపాలను దాచే గిట్‌లో చివరి కమిట్ (దాచిన ప్రతి) వారం నాటిది. దానికి తిరిగి వెళితే ఆ వారమంతా చేతితో దిద్దినవి పోతాయి. ఇకపై మా బృందంలో మైనస్ ఐ వాడకాన్ని పూర్తిగా నిషేధించాలని నా ప్రతిపాదన. మీరేమంటారు?

నల్లతెర:
నిషేధానికి నేను ఒప్పుకోను. మీరు అడిగినదే సెడ్ చేసింది. ఇదే మార్పును మౌస్‌తో నడిచే ఏ ఎడిటర్‌లోనైనా "అన్నిటినీ మార్చు" అన్న బటన్ నొక్కి చేసి ఉంటే "తీవ్రావేశం" అక్కడా ఇలాగే చెడేది. ముందుగా, మాటలను వెదికి చూపే గ్రెప్ కమాండ్‌తో "వ్రా" ఉన్న వరుసలన్నీ తెరమీదికి తెచ్చుకుని ఒక్క పావుగంట చదివి ఉంటే, ఆ మాటా, పద్యాల ఫైళ్ల పేర్లూ మీ కంటబడేవి.

తూర్పుగట్టు:
నల్లతెర గారూ, పావుగంట చదవవలసిందన్న మాట నిజమే కాని, చదవని మనిషిని ఆపే ఏర్పాటు ఆ పనిముట్టులో ఉండాలా వద్దా అన్నది కూడా ప్రశ్నే కదా. సెడ్‌ను 1970లలో బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మాన్ తయారు చేసినప్పుడు అది ఒకవైపు నుంచి పాఠాన్ని తీసుకుని మరోవైపు మార్చిన పాఠాన్ని వదిలేది. అసలు ఫైలు జోలికి పోయేది కాదు. అసలు మీదనే రాసే సౌకర్యం తరువాత వచ్చి చేరింది. మ్యాక్‌లో ఉండే సెడ్ అయితే మైనస్ ఐ తరువాత బ్యాకప్ ఫైలు పేరు చివర ఏ తోక తగిలించాలో చెప్పమంటుంది, వద్దనుకుంటే ఖాళీ కోట్‌లు పెట్టి ఆ మాట కూడా చెప్పాలి. లినక్స్‌లో ఆ అడ్డు లేదు. (ఈ తేడా తెలియక లినక్స్ కమాండ్‌ను మ్యాక్‌లో అతికించి, మైనస్ ఐ తరువాత ఉన్న మైనస్ ఈనే అది తోకగా తీసుకోగా, ఫోల్డరు నిండా ఆ తోకతో ఫైళ్లు పుట్టించినవారిలో నేనూ ఒకణ్ణి.) నిషేధం కాకపోయినా, తోక లేకుండా మైనస్ ఐ వాడకూడదన్న నియమం పెట్టుకోవచ్చు.

ప్రతిశోధకుడు:
తోక పెట్టాను, తూర్పుగట్టు గారూ. మొదటిసారి కొన్ని ఫైళ్లు తప్పిపోయాయని అనుమానం వచ్చి అదే కమాండ్‌ను రెండోసారి నడిపాను. దానితో బ్యాకప్‌ల మీద కూడా పాడైన ప్రతులే పడ్డాయి. ఆ పైన గిట్ కూడా తన ఇండెక్స్ ఫైలు (ఫైళ్ల జాబితా) చెడిపోయిందంటోంది.

నల్లతెర:
ఫైండ్ దాపరికపు ఫోల్డర్లను కూడా వదలదు కాబట్టి, గిట్ తన సమాచారం దాచుకునే డాట్ గిట్‌లోకి కూడా వెళ్లి ఉంటుంది. మీ ఫైళ్ల పేర్లలో ఎక్కడో "వ్రాతప్రతి" వంటి మాట ఉండి ఉండాలి; ఇండెక్స్‌లో పేర్లు ఉన్నవి ఉన్నట్లుగా ఉంటాయి, అందులో ఒక్క బైటు మారినా చివరనున్న చెక్‌సమ్ (సరిచూసే సంఖ్య) సరిపోదు. భయపడవద్దు: ఆ ఇండెక్స్ ఫైలును ఒక్కదానినే తీసివేసి గిట్ రీసెట్ అన్న కమాండ్ ఇస్తే చివరి కమిట్ నుంచి ఇండెక్స్ మళ్లీ తయారవుతుంది. హార్డ్ అన్న మాట మాత్రం జోడించకండి, మీ దిద్దుబాట్లు పోతాయి.

ఇక నిషేధం మాట. ఒక అక్షరానికి బదులు మరొకటి పెట్టే టీఆర్ కమాండ్‌కు మైనస్ ఐ లేనేలేదు. అయినా తెలుగు అంకెలను మామూలు అంకెలుగా మార్చమని లినక్స్‌లో దానికి చెప్పి చూడండి. అక్షరాలను ఫైలులో బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమూ, గుణింతపు గుర్తూ 3 బైట్లు, అన్నిటికీ మొదటి బైటు ఒక్కటే. టీఆర్ చూసేది బైట్లనే కాబట్టి ఆ ఉమ్మడి బైటు ఎక్కడ కనబడినా అంకెగా మారిపోతుంది, ఫైలులో ఒక్క తెలుగు అక్షరమూ మిగలదు. ఆ ఫలితాన్ని చూడకుండా పాత ఫైలు మీదికి తరలిస్తే మీకు జరిగినదే జరుగుతుంది. ఏ కమాండ్ వాడినా, అసలు మీద పడేముందు డిఫ్ (పాత, కొత్త ప్రతుల తేడా) చూడాలన్నదే నియమంగా పెట్టుకోండి.

తూర్పుగట్టు:
ఆ నియమాన్ని మనిషి జ్ఞాపకానికి వదిలేస్తే మరో అలసిన రాత్రి మళ్లీ ఇదే జరుగుతుంది. డిఫ్ చూపించి, "సరే" అంటేనే రాసే చిన్న స్క్రిప్టు ఒకటి బృందానికి ఇచ్చి, మైనస్ ఐని నేరుగా వాడడాన్ని మాన్పించండి. ఈ విషయంలో నేను మెత్తబడను.

మీ వారం పని మాత్రం పోలేదు. చివరి కమిట్‌లోని శుభ్రమైన ప్రతిని వేరే ఫోల్డరులోకి తీసి, దానికి మరొక నకలు చేసి, ఆ నకలు మీద మీ తప్పు కమాండ్‌నే మళ్లీ నడపండి. ఆ చెడిన నకలుకూ, ఇప్పుడు మీ దగ్గరున్న ఫైళ్లకూ మధ్య మిగిలే తేడా మీరు చేతితో దిద్దినవి మాత్రమే. చెడిన నకలును మూలంగా, శుభ్రమైన ప్రతిని ఒకవైపు, మీ ఫైలును మరోవైపు పెట్టి గిట్ మెర్జ్-ఫైల్‌తో కలిపితే చెడుపు పోయి దిద్దుబాట్లు నిలుస్తాయి. చెడుపూ దిద్దుబాటూ ఒకే వరుసలోనో పక్కపక్క వరుసల్లోనో పడినచోట మాత్రం అది మిమ్మల్నే తేల్చమంటుంది.

ప్రతిశోధకుడు:
చేశాను. వచనం దాదాపుగా వెనక్కి వచ్చింది. తేల్చమన్న వరుసలు ఎక్కువగా పద్యాలలోనే ఉన్నాయి. అచ్చుప్రతి పక్కన పెట్టుకుని ఒక్కొక్క పాదానికీ యతి చూసుకుంటున్నాను. ఆ స్క్రిప్టు నమూనా మీ దగ్గర ఉంటే ఇక్కడ పెట్టగలరా, తూర్పుగట్టు గారూ? అది వచ్చేదాకా నిషేధం అమలులోనే ఉంటుంది, ముందుగా నాకే.