ఆలు లేదు చూలు లేదు, క్వార్టర్‌బ్యాక్ పేరు సోమలింగం

ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి

సామెత మీద ఒక సందేహం. ఫుట్‌బాల్ కలిపి అడుగుతున్నాను, ఆట తెలియనివాళ్లు కాస్త ఓర్చుకోండి. అమెరికా ఫుట్‌బాల్ అండి, కోలగా ఉండే బంతితో ఎక్కువగా చేత్తో ఆడేది.

ఇక్కడ మనవాళ్లు నలుగురు కూర్చుని చూస్తున్నప్పుడు, ఇంకా కాలేజీ దాటని క్వార్టర్‌బ్యాక్ కుర్రాణ్ని టీవీలో ఆకాశానికెత్తేస్తుంటే ఎవరో ఒకరు "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అనేస్తారు. అందరూ నవ్వుతారు, అంతవరకు బానే ఉంది. రెండేళ్లు పోయాక ఆ కుర్రాడు బెంచీ మీద కూర్చుంటే మళ్లీ అదే సామెత, ఈసారి వాడి మీద. నా పేచీ అక్కడే. సామెతలో నవ్వులపాలయ్యేది పెళ్లికి ముందే పేరు పెట్టేసిన పెద్దమనిషి కదా? సోమలింగం ఏం చేశాడు పాపం, పుట్టనైనా లేదు.

ట్రే లాన్స్ సంగతే తీసుకోండి. 2021 డ్రాఫ్ట్‌లో అతని కోసం శాన్ ఫ్రాన్సిస్కో 49ఎర్స్ వాళ్లు 12వ స్థానం నుంచి 3వ స్థానానికి ఎగబాకారు. అందుకని తర్వాతి రెండేళ్ల మొదటి రౌండు పిక్‌లు, అంటే ఆటగాళ్లని ఎంచుకునే వంతులు, మయామీకి ధారపోశారు, అది చాలక ఒక మూడో రౌండు పిక్ కూడా. కోవిడ్ వల్ల 2020లో ఆ కుర్రాడు కాలేజీకి ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. 49ఎర్స్‌లో మొదటి నుంచి బరిలోకి దిగింది మొత్తం నాలుగు మ్యాచ్‌లు, 2022లో రెండో మ్యాచ్‌లోనే చీలమండ విరిగింది, 2023 ఆగస్టులో ఒక నాలుగో రౌండు పిక్‌కి మా డాలస్‌కి ఇచ్చేశారు. ఇక చూడండి, టీవీలో, కామెంట్లలో, ఆఫీసు లంచ్‌లో, అందరి నోటా లాన్స్ వేస్టు అనే మాటే. బేరం కుదుర్చుకున్నది అతను కాదు కదా! అదే జట్టు 2022లో ఆఖరి పిక్‌గా, 262వ వాడిగా తీసుకున్న బ్రాక్ పర్డీ వాళ్లని 2024 ఫిబ్రవరిలో సీజను ఆఖరి పోరు సూపర్‌బౌల్ దాకా తీసుకెళ్లాడు. డ్రాఫ్ట్‌లో చివరివాడికి "మిస్టర్ ఇర్రెలెవెంట్" అని ఒక వెక్కిరింపు బిరుదు ఉంటుంది, అది అతనిదే. పర్డీకి ఎవరూ ముందుగా పేరు పెట్టలేదు కాబట్టి సామెత అతని జోలికే పోలేదు.

నా ప్రశ్నలు రెండు. కుర్రాడి మీద ఈ సామెత వాడటం తప్పా కాదా? "కొడుకు పేరు" సరైన పాఠమా, "అల్లుడి పేరు" సరైనదా? మా నాయనమ్మ అల్లుడే అనేది.

గుంటూరు నుంచి

రెండు పాఠాలూ జనంలో ఉన్నాయి బాబూ, ఒకటి తప్పనడానికి లేదు. చూలు అంటే గర్భం, చూలాలు అనే మాట అందులోంచే. ఆలు లేకపోతే చూలు లేదు, చూలు లేకపోతే కొడుకు లేడు, అక్కడితో ఆగితే ఒక మెట్టు. అల్లుడనేసరికి కూతురు పుట్టాలి, పెరగాలి, పెళ్లీడు రావాలి, సంబంధం కుదరాలి, అంత దూరం వెళ్లి పేరు పెట్టడం. ఎకసెక్కం ఎక్కువ పండేది అందులోనే.

దెబ్బ పేరు పెట్టినవాడికే, మీరన్నది నిజం. కాకపోతే మా వైపు పిల్లవాడు కూడా తండ్రితో పాటు గొప్పలకి పోతే వాడికీ తగిలిస్తారు, అందులో తప్పు లేదు. ఆ క్వార్టర్‌బ్యాక్ అనేవాడు చేసే పనేమిటో, ఈ డ్రాఫ్ట్ ఏమిటో ఎవరైనా చెబితే మిగతాది మాట్లాడతాను. నాకు తెలిసిన ఆటలు కబడ్డీ, క్రికెట్.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి

మాస్టారూ, నేను చెబుతాను, ఈ బాధలన్నీ పడ్డవాణ్ని. జట్టుకి పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. దాదాపు ప్రతిసారీ బంతి ముందుగా చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. చేరాక అతనికుండేది మహా అయితే మూడు సెకన్లు, ఆ లోపల పరుగెత్తుతున్న నలుగురైదుగురిలో ఎవరి దగ్గర ఖాళీ ఉందో చూసి విసరాలి, నూట ముప్ఫై కిలోల మనుషులు మీద పడటానికి వస్తుంటే. వాళ్లని ఆపడానికి ముందు ఐదుగురు ఉంటారు. ఆ ఐదుగురి పేర్లు వాళ్ల ఊళ్లో కూడా చాలామందికి తెలియవు, క్వార్టర్‌బ్యాక్ పేరు మాత్రం పాలవాడికి కూడా తెలుసు.

డ్రాఫ్ట్ అంటే కాలేజీ కుర్రాళ్లని జట్లు వరసగా ఎంచుకోవడం, ఏడు రౌండ్లు. కిందటేడు అందరికంటే ఎక్కువ ఓడినవాళ్లకి మొదటి అవకాశం. ఇక్కడే ఉంది తిరకాసు. అందరికంటే ఎక్కువ ఊదరగొట్టిన కుర్రాడు వెళ్లిపడేది అందరికంటే అధ్వానమైన జట్టులో. ముందున్న ఐదుగురు ఆపలేరు, బంతి పట్టేవాళ్లు సరిగా ఉండరు, కోచ్‌ని ఏడాదిలో తీసేస్తారు. మా జెట్స్ చరిత్ర అంతా ఇదే. పేరుకి న్యూయార్క్ గానీ ఆడేది మా న్యూజెర్సీలోనే లెండి, ఏడుపు కూడా మాదే.

2018లో మూడో పిక్‌గా శామ్ డార్నల్డ్‌ని తెచ్చుకున్నాం. 2019 అక్టోబరులో ఒక సోమవారం రాత్రి పేట్రియట్స్ చేతిలో 33-0తో ఓడాం. అతని ఒంటికి మైకు పెట్టి ఉంది, బెంచీ మీద కూర్చుని "దెయ్యాలు కనిపిస్తున్నాయి" అన్నాడు. లేని డిఫెండర్లు కూడా ఉన్నట్టు అనిపిస్తోందని ఆటగాళ్ల భాషలో ఆ మాట. ఛానల్‌వాళ్లు దాన్ని దేశమంతటికీ వినిపించేశారు. ఇరవై రెండేళ్ల కుర్రాడు తన మనుషులతో అన్న ముక్క, ఇన్నేళ్లయినా ఇంకా అతని వెంటే తిరుగుతోంది. తర్వాత జట్లు మారి మారి 2024లో మిన్నెసోటాకి పదిహేడు మ్యాచ్‌ల్లో 14 గెలిపించాడు. అప్పుడు అదే మీడియా, ఆహా ఎంత ఓర్పు, ఎంత పట్టుదల అని. ఆఖరి లీగ్ మ్యాచ్ డెట్రాయిట్ చేతిలో 31-9, ప్లేఆఫ్ మ్యాచ్ రామ్స్ చేతిలో 27-9తో పోయాయి, వారం తిరిగేసరికి చూశారా మేం ముందే చెప్పలేదా అని మొదలు. పద్నాలుగు విజయాలు రెండు ఓటములకి తుడిచిపెట్టుకుపోయాయి!

మాస్టారన్న రెండో సంగతికి కూడా మా దగ్గర మనిషి ఉన్నాడు. 2021లో రెండో పిక్ జాక్ విల్సన్. 2022 నవంబరులో పేట్రియట్స్‌తో 10-3తో ఓడిన మ్యాచ్, రెండో సగమంతా కలిపి మావాళ్లు బంతితో ముందుకెళ్లింది రెండు గజాలు. డిఫెన్స్ ప్రాణం పెట్టి ఆడింది. మీ వైపువాళ్లు డిఫెన్స్‌ని ముంచేశారా అని విలేకరి అడిగితే "లేదు" అన్నాడు, ఒకటే ముక్క. తర్వాతి మ్యాచ్‌కి బెంచీ. ఆ రోజుకి మాత్రం సోమలింగానికీ వాటా ఇవ్వాల్సిందే, అన్నా, నువ్వు ఏమన్నా సరే.

ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి

విల్సన్ విషయంలో ఒప్పుకుంటాను తమ్ముడూ. కానీ అక్కడ తగలాల్సిన సామెత వేరేది, నోరా వీపుకు తేకే అనేది.

హైదరాబాద్ నుంచి

నేను ఆస్టిన్‌లో చదువుకుని వచ్చాను, ఆట పిచ్చి ఇంకా వదల్లేదు. ఆర్చ్ మానింగ్ పేరు ఎవరూ ఎత్తలేదేంటి? తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై, ముగ్గురూ ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్‌లు. 2025 సీజను మొదలవకముందే, అతను క్వార్టర్‌బ్యాక్‌గా ఆడే టెక్సాస్ యూనివర్సిటీ జట్టుకి చరిత్రలో మొదటిసారి అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) ర్యాంకింగ్స్‌లో ఆరంభ నంబర్ వన్ ఇచ్చేశారు. అప్పటికి ఈ అబ్బాయి మొదటి నుంచి ఆడిన కాలేజీ మ్యాచ్‌లు రెండే. తొలి మ్యాచ్ ఒహాయో స్టేట్ మీద, 14-7తో ఓటమి. 30 విసిరితే 17 అందాయి, 170 గజాలు. అంతే, సాయంత్రానికల్లా అబ్బాయి పేరుకే తప్ప పనికిరాడని తేల్చేశారు. నవంబరు చివర్లో, అప్పటిదాకా ఓటమే లేని టెక్సాస్ ఏ అండ్ ఎంని ఇదే జట్టు 27-17తో ఓడిస్తే దాని గురించి మాట్లాడినవాళ్లు అందులో సగం మంది కూడా లేరు.

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటాం కదా, అది ఇక్కడ అచ్చంగా సరిపోతుంది, అమ్ముకుంది అబ్బాయి కాదు, ఛానళ్లు.

ఇంకో మాట. మ్యాచ్‌లు గెలవడాన్ని క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో రాసే అలవాటుంది చూశారూ, నాకు దాని మీద మండుతుంది. సొమ్మొకడిది సోకొకడిది. 2000 సీజనులో బాల్టిమోర్ రేవెన్స్ డిఫెన్స్ పదహారు మ్యాచ్‌ల్లో ప్రత్యర్థులందరికీ కలిపి ఇచ్చింది 165 పాయింట్లు. అక్టోబరు నెలంతా ఆ జట్టు ఆఫెన్స్ ఒక్క టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం) చేయలేదు, అయినా 2001 జనవరిలో సూపర్‌బౌల్ 34-7తో గెలిచారు. క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ డిల్ఫర్. గెలిచిన తర్వాతి సీజనుకి అతన్ని ఉంచుకోలేదు. జట్టువాళ్లకి తెలుసు సొమ్ము ఎవరిదో. ఇటు మయామీ డాన్ మారినో 1984లో 5,084 గజాలు, 48 టచ్‌డౌన్లు విసిరాడు, ఆ కాలానికి అవి ఊహకందని అంకెలు. పదిహేడు సీజన్లు ఆడి ఒకే ఒక్క సూపర్‌బౌల్‌కి వెళ్లాడు, అదీ ఓడాడు. సూపర్‌బౌల్ గెలిచినవాళ్లకిచ్చే ఉంగరాలు లెక్కపెట్టేవాళ్ల పద్ధతిలో డిల్ఫర్ పెద్దా మారినో పెద్దా? ఎవరైనా డిల్ఫర్ అంటే ఈ గ్రూపులోంచి వెళ్లిపోతాను.

ప్లేనో, టెక్సాస్ నుంచి

అక్కా వెళ్లకండి, డిల్ఫర్ అనేవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. కానీ గెలుపు వద్దంటే ఇంకేం చూడాలి? పాసర్ రేటింగ్ అంటారా, దాంట్లో పూర్తి మార్కులు 158.3. నూటికి కాదు, రెండొందలకి కాదు, 158.3! విసిరినవాటిలో ఎన్ని అందాయి, ఎన్ని గజాలు, ఎన్ని టచ్‌డౌన్లు, ఎన్ని ఎదుటివాళ్ల చేతికి పోయాయి, ఈ నాలుగింటికీ విడివిడిగా లెక్క కట్టి, ఒక్కోదానికి 2.375 దాటనివ్వకుండా కలిపి, ఆరుతో భాగించి, వందతో హెచ్చవేస్తారు. ఇందులో కాళ్లతో పరుగెత్తిన గజాలు లేవు, సాక్‌లు, అంటే విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడాలు, అవీ లేవు. లామార్ జాక్సన్‌లాంటివాడి ఆటలో సగం ఈ లెక్కకి కనపడదు. అతన్ని 2018లో మొదటి రౌండు చివర 32వ పిక్ దాకా ఎవరూ తీసుకోలేదు, బంతి అందుకునే రిసీవర్‌గా ఆడితే మంచిదని సలహాలు కూడా ఇచ్చారు టీవీలో. 2019కే ఎంవీపీ, అంటే ఆ సీజను అత్యుత్తమ ఆటగాడి బిరుదు, ఒక్క ఓటు కూడా పక్కకి పోలేదు.

డ్రాఫ్ట్‌కి ముందుగా కొలిచేవి ఇంకా విచిత్రం. ప్రతి ఏటా ఇండియానాపొలిస్‌లో కుర్రాళ్లని నిలబెట్టి అరచెయ్యి చాపించి బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా కొలుస్తారు, మనం జాన అంటామే అదే. 2022లో కెనీ పికెట్ జాన ఎనిమిదిన్నర అంగుళాలని తేలితే దాని మీద చర్చలే చర్చలు. అంతకుముందు 2020లో జో బర్రోది తొమ్మిది, దానికీ గోల చేశారు, రెండేళ్లకి సిన్సినాటిని సూపర్‌బౌల్‌కి తీసుకెళ్లాడు. పికెట్‌ని రెండు సీజన్లకే పిట్స్‌బర్గ్ వదిలేసుకుంది. ఒకే కొలత, ఒకే గోల, ఫలితం మాత్రం చెరోలా వచ్చింది.

గుంటూరు నుంచి

జాన అనే మాట ఇంత పనిలో ఉందని తెలిసి సంతోషమైంది. సొమ్మొకడిది సోకొకడిది అని అమ్మాయి వాడింది చక్కగా అతికింది, దానికి నా ఓటు.

సోమలింగం సంగతికొస్తే, మీ మాటలన్నీ చదివాక నాకు తోచింది ఇది. పేరు పెట్టేవాడికి లాభం ఉన్నప్పుడు సామెత పదును కొంచెం తగ్గుతుంది. సామెతలో తండ్రి అమాయకుడు, ఆశపోతు, పాపం అనిపిస్తుంది. మీ ఛానల్ అమాయకంగా ఏమీ పెట్టడం లేదు, పేరు పెడితే ఒక కార్యక్రమం, పేరు చెడితే ఇంకో కార్యక్రమం. ఆ రెండోదాన్ని మన సామెత ఊహించలేదు. మరి కుర్రాడు పనికొస్తాడో లేదో ఎన్నాళ్లు చూసి చెప్పాలి? దానికేమైనా లెక్క ఉందా?

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి

ఉంది మాస్టారూ, జట్లే పెట్టుకున్న లెక్క. మొదటి రౌండు కుర్రాడికి నాలుగేళ్ల ఒప్పందం, ఐదో ఏడు కూడా ఉంచుకోవాలా వద్దా అనేది మూడో సీజను అయ్యాక తేల్చుకోవాలి. అంటే డబ్బు పెట్టేవాళ్లు మూడేళ్లు చూస్తారు, టీవీ మూడు వారాలు.

మూడేళ్లు కూడా చాలవని కాదు, చాలు. పేటన్ మానింగ్ 1998లో మొదటి ఏడాది 28 ఇంటర్‌సెప్షన్లు, అంటే ఎదుటివాళ్ల చేతికి పోయినవి, విసిరాడు, కొత్తగా వచ్చిన ఏడాదిలో ఇప్పటికీ అదే రికార్డు, జట్టు గెలిచింది మూడు, ఓడింది పదమూడు. ఆ తర్వాత ఐదు ఎంవీపీలు. ఆ డ్రాఫ్ట్‌కి ముందు పేటన్ గొప్పా, రెండో పిక్ రయన్ లీఫ్ గొప్పా అని నెలల తరబడి కొట్టుకున్నారు. లీఫ్ శాన్ డియేగోలో మూడు సీజన్లకి మించి నిలవలేదు.

ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి

బఫలోలో జాష్ ఆలెన్‌ది చూడు తమ్ముడూ, ఇంకా బాగుంటుంది. 2018లో విసిరినవాటిలో అందినవి నూటికి 52.8, మరుసటేడు 58.8, మూడో ఏడు 69.2. గురి తప్పే చెయ్యి బాగుపడదని మొదటి ఏడాదే సూత్రంలా చెప్పినవాళ్లు ఎంతమందో. 2024కి ఎంవీపీ. అలా చెప్పినవాళ్లలో కొందరు ఈ మధ్య కూడా స్టూడియోలో కూర్చుని, ఈ ఏడు కొత్తగా వచ్చిన కుర్రాడి గురించి నాలుగో మ్యాచ్‌కే తీర్పు చెప్పేస్తున్నారు.