గాలి, నీళ్లు, కరెంటుతో అమ్మోనియా: మన పొలందాకా వస్తుందా?

పర్లాకిమిడి రైతుబిడ్డ:
గాలిలో 78 శాతం నైట్రోజనే. అయినా ఖరీఫ్ వస్తే యూరియా బస్తా కోసం లైన్లో నిలబడాలి. ఇనప పైపులూ కొలుములూ లేకుండా, మామూలు వేడిలో కరెంటుతోనే, యూరియాకి మూలమైన అమ్మోనియా తీసే ఉత్ప్రేరకాలు వచ్చాయట. మేడ మీద సోలార్ పలకలు ఉండనే ఉన్నాయి. ఊళ్లోనే చేసుకునే రోజు దగ్గరపడిందంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

బరంపురం కెమిస్ట్రీ:
నేను కాదంటాను అన్నా. లెక్క చూడు. 45 కిలోల బస్తాలో ఉన్న నైట్రోజన్‌కి 25 కిలోల పైచిలుకు అమ్మోనియా కావాలి. ఒక్కో అమ్మోనియా అణువుకి 3 ఎలక్ట్రాన్లు. చదరపు మీటరు ఎలక్ట్రోడ్, చదరపు సెంటీమీటరుకి 10 మిల్లీఆంపియర్ల కరెంటు, ఒక్క ఎలక్ట్రానూ వృథా పోలేదనుకో: 50 రోజులకి ఒక బస్తా! నీళ్లలోనైతే వృథాయే ఎక్కువ. నైట్రోజన్ త్రిబంధం తెంపడం కన్నా హైడ్రోజన్ బుడగలు వదలడం ఉత్ప్రేరకానికి సులువు. పైగా దొరికిందనుకున్న ఆ చిటికెడు అమ్మోనియా గాలిదో, చేతి తొడుగులదో, మన ఊపిరిదో అయ్యుండొచ్చు. అందుకే నైట్రోజన్-15తో (నైట్రోజన్‌లోనే కాస్త బరువైన రకం, గుర్తు పట్టొచ్చు) సరిచూడాలని 2019లో నేచర్ పత్రికలో ఒక బృందం పద్ధతి రాసింది. అప్పటిదాకా మురిసిపోయిన ఫలితాలు చాలా అనుమానంలో పడ్డాయి.

పర్లాకిమిడి రైతుబిడ్డ:
మరి ఎలక్ట్రోడ్ మీద లిథియం పూత వేసి దానితో నైట్రోజన్‌ని పట్టే పద్ధతి? 2022లో ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు ఎలక్ట్రాన్లు దాదాపు నూటికి నూరూ అమ్మోనియాకే పోయేలా చేశారుగా.

బరంపురం కెమిస్ట్రీ:
చేశారు, ఒప్పుకుంటా. అదీ 15 బార్ల (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 15 రెట్లు) నైట్రోజన్ ఒత్తిడిలో. కానీ లిథియం పూత పడాలంటే వోల్టేజీ బాగా కావాలి. 4 వోల్టులనుకున్నా బస్తాకి 480 యూనిట్లు. బస్తా ధర 266 రూపాయల 50 పైసలు!

పర్లాకిమిడి రైతుబిడ్డ:
సబ్సిడీ ధరతో పోలుస్తావేం తమ్ముడూ? అసలు ఖర్చుతో పోల్చు. అయినా నాకు బస్తా ఎందుకు, నారుమడి నీళ్లలో కాస్త కలిస్తే చాలు.

తాల్చేరు రిటైర్డ్:
మా తాల్చేరు ఎరువుల ప్లాంటు 2002లో మూతపడింది. 400 డిగ్రీలు దాటిన వేడి, వందల అట్మాస్ఫియర్ల ఒత్తిడి, ఆ కంప్రెసర్ల మోత ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. గోపాల్‌పూర్‌లో పెడతామంటున్న గ్రీన్ అమ్మోనియాలోనూ హైడ్రోజన్ మాత్రమే నీళ్లది, తక్కినదంతా వేడితో, ఒత్తిడితో నైట్రోజన్‌నీ హైడ్రోజన్‌నీ కలిపే ఆ పాత హేబర్ కొలిమే. కరెంటు సెల్లు దాన్ని దించుతుందని నేననుకోను. నీ నారుమడికంటావా, అజొల్లా వెయ్యి బాబూ. దాని ఆకుల్లో ఉండే నాచు ఏ ఒత్తిడీ లేకుండా నైట్రోజన్ పట్టేస్తుంది.

పర్లాకిమిడి రైతుబిడ్డ:
పోయినేడు వేశాను మాస్టారూ. పక్కింటి బాతులు తినేశాయి.