మనసుకి గాయమైనవాళ్లు కూడా ‘పాపోహం’ అనాల్సిందేనా?

కృష్ణ ఒడ్డు:
పోయిన నెల మా గృహప్రవేశం. సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. చివర్లో పంతులుగారు లేచి ఆత్మప్రదక్షిణం చేసుకోమన్నారు. “పాపోహం పాపకర్మాహం పాపాత్మా పాపసంభవః.” చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం ‘పాపాత్మా’ దగ్గర గొంతు పట్టేసింది. మా నాన్న బెల్టు తీసినప్పుడల్లా “పాపిష్టిదానా” అనేవాడు. లెక్కల్లో మార్కులు తగ్గితే ఆ మాటే, గ్లాసు పగిలితే ఆ మాటే. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడు కూర మాడినా, ఆఫీసులో ఒక మెయిల్ తప్పు వెళ్లినా లోపల అదే మాట వినిపిస్తుంది. గొంతు మాత్రం నాది.

మా భజన మండలిలో ఒక పెద్దావిడకి చెప్పుకున్నాను. “ఆయన రూపంలో నీ పూర్వజన్మ కర్మ తీరిపోయిందమ్మా, క్షమించేసి హాయిగా ఉండు” అన్నారు. ప్రేమగానే అన్నారు. వారం రోజులు తేలిగ్గానే ఉంది. ఆ తర్వాత ఒకటే ఆలోచన. ఎనిమిదేళ్లప్పుడు తిన్న దెబ్బలకి కూడా కారణం నేనేనా? క్షమించలేకపోతున్నానంటే అదింకో పాపమా?

నాలాంటివాళ్లకి ఈ సాధనలు మందా, పుండు మీద కారమా? మీ మీద మీరు కాస్త దయ చూపించుకోండి అని కౌన్సిలర్ అంటున్నారు. నాకేమో అది తప్పించుకోవడంలా అనిపిస్తోంది.

శేషాచలం:
అమ్మా, మీ నాన్నగారు చేసింది తప్పు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ కర్మ అన్న మాటనే కారం అనకండి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చిన రాత్రి మా అమ్మ తాడిచెట్టుని కావలించుకుని బతికింది. తమ్ముడు ఆవిడ చేతిలోంచే జారిపోయాడు. వేల మంది పోయిన రాత్రి అది. అయినా “నేనే వదిలేశాను” అని ఏళ్ల తరబడి కుమిలిపోయింది. చివరికి ఆవిడని నిలబెట్టింది ‘ప్రాప్తం’ అన్న ఒక్క మాటే. వాడికి అంతవరకే రాసిపెట్టి ఉందని నమ్మాకే కంటినిండా నిద్రపోయింది. ఆ మాట లాక్కుంటే ఆవిడకి మిగిలేది జారిన చెయ్యి ఒక్కటే.

ఇక ‘పాపోహం’ సంగతి. ఆ శ్లోకం అక్కడితో ఆగదు కదా. వెంటనే “త్రాహిమాం కృపయా దేవ శరణాగతవత్సల” అంటాం. అది తీర్పు కాదు, అర్జీ. మనకి మనమే చూపించుకునే దయ మీద నాకంత నమ్మకం లేదు. దయ చూపేవాడు మనకంటే పెద్దవాడై ఉండాలి.

రాత్రి డ్యూటీ:
నేను మానసిక వైద్య విభాగంలో నర్సుని, పదకొండేళ్లుగా. శేషాచలం గారూ, మీ అమ్మగారి సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. కానీ చూడండి, ‘ప్రాప్తం’ అన్న మాట ఆవిడ మీదున్న నిందని దించింది. ‘కర్మ’ అన్న మాట ఈవిడ మీద నిందని పెట్టింది. ఉప్పెనని నిలదీయడానికి మనిషి లేడు. బెల్టు పట్టుకున్న మనిషి ఉన్నాడు.

కొట్టే నాన్నని చెడ్డవాడని అనుకోవడం పిల్ల వల్ల కాదు, అన్నం పెట్టేదీ ఆయనే కాబట్టి. అందుకని చెడ్డదాన్ని నేనే అనుకుంటుంది. అలా అనుకుంటేనే, నేను బుద్ధిగా ఉంటే దెబ్బలు ఆగుతాయన్న ఆశ మిగులుతుంది. ముప్పై ఏళ్ల తర్వాత పెద్దవాళ్లొచ్చి ‘నీ కర్మే’ అంటే, ఆ పిల్ల కట్టుకున్న తప్పుడు లెక్కకి దేవుడి ముద్ర వేసినట్టే.

మీ మీద మీరు దయ చూపించుకోవడం తప్పించుకోవడం కాదండీ. దీని మీద పనిచేసిన మనస్తత్వవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003లో మూడు భాగాలుగా చెప్పారు: తిట్టుకునే చోట ఆదరించుకోవడం, ‘నాకొక్కదానికే’ అనుకునే చోట అందరిలో నేనూ ఒకదాన్ని అని చూడటం, బాధని దాచిపెట్టకుండా అలాగని అందులో కొట్టుకుపోకుండా గమనించడం. తప్పు చేయలేదని చెప్పుకోమని ఇందులో ఎక్కడా లేదు. మీ ఇంట్లోనే చూడండి, గ్లాసు పగిలితే తన్నులు తినే పిల్ల ముక్కలు మంచం కింద దాస్తుంది. తన్నులు ఉండవని తెలిసిన పిల్ల చీపురు తెస్తుంది.

మౌనం తర్వాత:
నేను పది రోజుల మౌన ధ్యాన శిబిరానికి వెళ్లాను. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, రోజుకి పది గంటల ధ్యానం. మానసిక సమస్యలున్నాయా అని దరఖాస్తులో అడిగారు. లేవని రాశాను, అది నా తప్పే. నాలుగో రోజు నుంచి గంటసేపు కదలకుండా కూర్చోవాలి. ఆరో రోజు కళ్లు మూసుకోగానే చిన్నప్పుడు నన్ను పెట్టి తాళం వేసిన గది కనిపించింది. ఒళ్లంతా వణుకు. ఇదంతా పాత మలినం బయటికి పోవడమే అనుకుని పళ్లు బిగపట్టాను. ఇంటికొచ్చాక రెండు నెలలు నిద్ర లేదు.

తర్వాత తెలిసింది, నాకొక్కడికే కాదని. బ్రౌన్ యూనివర్సిటీలో విల్లోబీ బ్రిటన్ బృందం ధ్యానం చేసేవాళ్లు అరవై మంది దాకా ఉంటే వాళ్లతో మాట్లాడి, విన్నది 2017లో ప్రచురించింది. భయం, వణుకు, పాత గాయం మళ్లీ కళ్లముందుకు రావడం, అన్నీ అందులో ఉన్నాయి.

ధ్యానం మానలేదు నేను. డాక్టరుగారి సలహా మీద కళ్లు తెరిచి, పాదాలు నేలకి ఆనించి, ఐదే నిమిషాలు మైత్రీ భావన, అంటే బాగుండాలని మనసులో కోరుకునే ధ్యానం, చేస్తాను. పాతకాలపు బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు విశుద్ధిమార్గం అనే గ్రంథంలో ఈ భావనకి ఒక వరస చెప్పాడు. మొదట తన మీద, తర్వాత పూజ్యుల మీద, ఇష్టుల మీద, ఏమీ కానివాళ్ల మీద. శత్రువు చివర. అక్కడ మనసు మొండికేస్తే వెనక్కొచ్చి మళ్లీ మొదలుపెట్టమన్నాడు. కృష్ణ ఒడ్డు గారూ, మీ భజన మండలి పెద్దావిడ మిమ్మల్ని నేరుగా చివరి మెట్టెక్కమన్నారు.

మానేరు పిల్లగాడు:
అక్కా, నాది ఇంటర్ హాస్టల్ గోస. ర్యాంకు రాకపోతె అందరి ముంగట నిలబెట్టి తిట్టేటోళ్లు. మొక్కని దేవుడు లేడు నేను, కానీ మొక్కుడు సుత నన్ను నేను శిక్షించుకున్నట్టే ఉండేది. ఉపాసం, చెప్పుల్లేకుండ నడుసుడు. ఒక రాత్రి అస్సలు ఓర్సుకోలేక 14416కు ఫోన్ చేసిన. మనసు బాగలేనోళ్లకు సర్కారు పెట్టిన ఫోన్ లైను, టెలీ మానస్ అది, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు. ఇప్పుడు గుడికి పోతున్న, డాక్టర్ దగ్గరికి పోతున్న. ఏది ముందంటె డాక్టరే ముందంట నేను.

శేషాచలం:
నర్సమ్మగారూ, నింద దించడం, నింద పెట్టడం అన్న తేడా నాకు ఇంతకుముందు తట్టలేదు. నా మాట కొంత సరిచేసుకుంటాను. తనకి జరిగినదాన్ని ప్రాప్తం అనుకునే హక్కు బాధపడినవాళ్లదే, పక్కవాళ్లు అనకూడదు. క్షమించడం చివరి మెట్టన్నదీ ఒప్పుకుంటున్నాను. కానీ ‘పాపోహం’ ఎత్తేద్దామంటే మాత్రం ఒప్పుకోను. ఒళ్లు తెలియని అహంకారంతో తిరిగేవాడికి ఆ మాట కావాలి. కృష్ణ ఒడ్డు గారూ, మీ నాన్నగారు దాన్ని అర్థం తెలిసి ఒక్కసారి అనుంటే బాగుండేదమ్మా.

కృష్ణ ఒడ్డు:
శేషాచలం గారూ, మీ ఆఖరి వాక్యం చదివి ఏడ్చాను. ఎవరూ నాతో అలా అనలేదు ఇంతవరకు.

నిన్న శుక్రవారం పూజలో ‘త్రాహిమాం కృపయా’ నుంచి మొదలుపెట్టాను. పై లైను మర్చిపోయావమ్మా అన్నాడు మావాడు. మర్చిపోలేదురా, ప్రస్తుతానికి నేను ఇక్కణ్ణుంచి అంటాను అన్నాను. ఉద్వాసన ముందు ‘మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం’ అని ఎప్పుడూ గబగబా చదివేసేదాన్ని. నిన్న నెమ్మదిగా చదివాను. మంత్రం తప్పినా, చేత తప్పినా, భక్తే లేకపోయినా ఈ పూజ పరిపూర్ణమగుగాక అని కదా దాని అర్థం. ఇన్నేళ్లూ నా నోటితోనే అంటున్నాను ఆ మాట.

వచ్చే వారం కౌన్సిలర్ దగ్గరికి మళ్లీ వెళ్తున్నాను. నాన్న ఫోటో హాల్లో పెట్టలేదింకా. సామాన్ల అట్టపెట్టెలోనే ఉంది.