ఎర్రనూనెలో చైనా డంప్లింగ్స్: పొర విచ్చుకుపోతోంది, నూనె మాడిపోతోంది

చంపావతి_వంటిల్లు (విజయనగరం) అడుగుతున్నారు:

సిచువాన్ పద్ధతిలో నీళ్ళలో ఉడికించి, పైన ఎర్రటి మిరప నూనె పోసి పెట్టే డంప్లింగ్స్ ఇంట్లో సరిగ్గా రావాలి. మోమోల బండి మీద ఇచ్చే ఎర్ర చట్నీ వద్దు, ఆ నూనె రుచే కావాలి. ప్రస్తుతం వాడుతున్న కొలతలు: మైదా 2 కప్పులు, వేడినీళ్ళు ముప్పావు కప్పు, చికెన్ కైమా పావుకిలో, అందులో క్యాబేజీ తురుము ఒక కప్పు. నూనెకి కారప్పొడి 3 చెంచాలు, దాని మీద పొగలొచ్చేలా కాచిన నూనె ఒక కప్పు.

ఇరవైలో ఐదారు ఉడికేటప్పుడే విచ్చుకుని లోపలిదంతా నీళ్ళపాలవుతోంది. విచ్చుకోనివాటిలో మాంసం పిప్పిలా ఉంటోంది. కారం మీద నూనె పోసీ పోయగానే నల్లబడి చేదెక్కుతోంది. సిచువాన్ మిరియం ఇక్కడి షాపుల్లో లేదు, మన మిరియాలు వేస్తే సరిపోతుందా? థర్మామీటరు లేదు. గుర్తులు చెప్పండి దయచేసి.

నాగావళి (శ్రీకాకుళం):

చంపావతి గారూ, ముందు నూనె సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ వంటకానికి కారమంతా అక్కణ్ణుంచే వస్తుంది. లోపలి ముద్దలో కారం వెయ్యరు.

కారప్పొడి వాడకండి. మెత్తటి పొడి వేడినూనెలో క్షణంలో మాడుతుంది, ఆ చేదు ఇక పోదు. ఎండుమిరపకాయలు 50 గ్రాములు తీసుకోండి: రంగుకి బ్యాడిగి 35, మంటకి తేజ 15. తొడిమలు తీసి, గింజలు సగం దులిపేసి, చెంచాడు నూనెతో సన్నసెగ మీద గలగలలాడేవరకూ వేయించండి. రంగు ముదరకముందే దించాలి. పూర్తిగా చల్లారాక రోట్లో కచ్చాపచ్చాగా దంచండి, నువ్వుగింజ కన్నా కాస్త పెద్ద పలుకులు కావాలి. మిక్సీ అయితే ఆపి ఆపి నాలుగైదుసార్లు తిప్పితే చాలు. ఈ పలుకుల్లో తెల్ల నువ్వులు ఒక పెద్ద చెంచా, ఉప్పు పావు చెంచా, చివరగా ఒక చెంచా చన్నీళ్ళు కలపండి. ఆ తడి వల్ల మొదటి వేడికి మిరప మాడదు. కానీ నూనె పోయగానే బాగా పొంగుతుంది, అందుకని గిన్నె లోతుగా, నూనెకి మూడింతలు పట్టేదిగా ఉండాలి. మొహం దూరంగా పెట్టుకోండి, పిల్లల్ని పక్కకు పంపండి.

నూనె 250 మి.లీ. వేరుసెనగ నూనె బాగుంటుంది. సిచువాన్‌లో వాడేది ఆవ జాతి గింజల నూనె, కాబట్టి మన ఆవనూనె దానికి దగ్గర చుట్టం. ఒడియా ఇళ్ళలో రోజూ వాడేదే కనుక ఇచ్ఛాపురం, పలాస వైపు దానికి వెతుక్కోనక్కర్లేదు. ఆవనూనె అయితే ఒకసారి పొగ వచ్చేవరకూ కాచి, ఘాటు పోయాక చల్లార్చి మొదలుపెట్టాలి. చల్లని నూనెలో చిన్న ఉల్లిపాయ చీలికలు, నాలుగు అల్లం ముక్కలు, ఒక అనాసపువ్వు, అంగుళం దాల్చినచెక్క, ఒక బిర్యానీ ఆకు వేసి సన్నమంట మీద పది నిమిషాలు ఉంచండి. ఉల్లి అంచులు గోధుమరంగుకి రాగానే అన్నీ తీసేయండి. ఉల్లి మాడినా నూనె చేదే.

ఇప్పుడు మంట పెంచి, పూరీ వేసిన వెంటనే పొంగే వేడికి తేవాలి. మైదా ముద్దలోంచి బటాణీ గింజంత తుంచి వేస్తే చప్పున పైకి రావాలి, అది సుమారు 180 నుంచి 190 డిగ్రీలు. స్టవ్ ఆపి మూడోవంతు నూనె మిరప మీద పోసి కలపండి. వాసన పుట్టేది ఇక్కడే. మిగతా నూనె మూకుట్లో అలాగే ఉండనివ్వండి. పిండి ముక్క నెమ్మదిగా పైకి తేలే వేడికి (160 దగ్గర) దిగాక రెండో వంతు పోస్తే రంగు దిగుతుంది. ముక్క అడుగునే ఉండి చుట్టూ సన్న బుడగలు వచ్చేటప్పుడు (120 దగ్గర) మూడో వంతు పొయ్యండి. మీరు కప్పు నూనె ఒకేసారి పొగల మీద పోశారు, మాడక ఏమవుతుంది? రాత్రంతా మూతపెట్టి ఉంచితే మర్నాటికి రంగు ఇంకా చిక్కబడుతుంది, ఆరోజే చూసి నిరాశపడకండి.

పచ్చి వెల్లుల్లి మాత్రం ఈ నూనెలో వేసి సీసాలో నిల్వ ఉంచొద్దు. గాలి తగలని నూనెలో పచ్చి వెల్లుల్లి మీద ప్రమాదకరమైన బాక్టీరియా విషం పుడుతుంది, వాసన కూడా తెలియదు. వెల్లుల్లి వడ్డించేటప్పుడే.

సిచువాన్ మిరియం మన మిరియాల జాతి కాదు. అది నిమ్మ, నారింజ కుటుంబం, అందుకే వాసన నిమ్మతొక్కలా ఉండి నాలుక జివ్వుమని తిమ్మిరెక్కుతుంది. మన మిరియాలు వేస్తే వేరే కారం వస్తుంది, ఆ తిమ్మిరి రాదు. కొంకణంలో చేపల కూరలో వేసే తిర్ఫల్, నేపాల్ తిమూర్ దీని సోదరులే, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. పైతొక్కే వాడాలి, నల్లగింజలు పంటికింద ఇసుకలా తగులుతాయి, ఏరెయ్యండి. దొరక్కపోతే మానెయ్యండి. చెంగ్డూ నగరంలో పేరుపడ్డ ఎర్రనూనె డంప్లింగ్స్ అయిన జొంగ్ షుయిజియావ్‌కి తీపి, కారం, వెల్లుల్లి ముఖ్యం, తిమ్మిరి అంత ముఖ్యం కాదు.

పూరీకర్ర (బొబ్బిలి):

పిండి దగ్గర రెండు పొరపాట్లు కనబడుతున్నాయండి. 2 కప్పుల మైదా అంటే 250 గ్రాములు, ముప్పావు కప్పు నీళ్ళంటే 180 మి.లీ. పైనే. అది చపాతీ పిండి కన్నా జారు. పైగా వేడినీళ్ళు. వేడినీళ్ళకి మైదాలో పిండిపదార్థం సగం ఉడికి సాగే గుణం తగ్గుతుంది. ఆవిరి మీద పెట్టేవాటికి ఆ మెత్తదనం బాగుంటుంది, మరిగే నీళ్ళలో మాత్రం తట్టుకోదు.

మైదా 200 గ్రాములకి మామూలు నీళ్ళు 100 మి.లీ., ఉప్పు చిటికెడు. వానాకాలం తేమలో 95తో మొదలుపెట్టి చూసుకోండి. పూరీ పిండి కన్నా గట్టిగా, మొదట గరుకుగా ఉంటుంది, కంగారుపడి నీళ్ళు పొయ్యకండి. తడిగుడ్డ కప్పి పది నిమిషాలు వదిలేస్తే అదే నీరు పీల్చుకుంటుంది. తర్వాత అయిదు నిమిషాలు పిసికి, మళ్ళీ అరగంట ఉంచండి. 10 గ్రాముల ఉండలు 30 వస్తాయి. 8 సెంటీమీటర్ల బిళ్ళగా ఒత్తాలి, నడుమ మందం, అంచులు పల్చన. మూసేటప్పుడు అంచులు రెండు పొరలవుతాయి కదా, మందంగా ఉంటే అక్కడ పచ్చిపచ్చిగా మిగులుతుంది. కజ్జికాయల అచ్చు వాడితే వచ్చే ఇబ్బందే అది.

ముద్ద 12 గ్రాములు మించకుండా పెట్టి, అర్ధచంద్రంలా మడిచి, నడుమ నుంచి రెండు పక్కలకీ నొక్కుకుంటూ వెళ్ళండి. లోపల గాలి ఉంటే ఉడికేటప్పుడు ఉబ్బి చీలుస్తుంది. అంచుకి నూనెగానీ పొడిపిండిగానీ అంటితే అతుక్కోదు, మీవి విచ్చుకోవడానికి ఇదీ కారణం కావచ్చు. చీర కుచ్చిళ్ళలాంటి మడతలు జొంగ్ వాటికి ఉండవు, సాదాగా మూస్తారు.

పదిహేనింటికి 3 లీటర్ల నీళ్ళు. మరిగాక వేసి, గరిటె వెనకవైపుతో అడుగునుంచి ఒకసారి నెట్టండి. మళ్ళీ మరగగానే గ్లాసు చన్నీళ్ళు పొయ్యాలి, ఇలా మూడుసార్లు. నీళ్ళు తెర్లిపోతుంటే పొర చిరుగుతుంది, చన్నీళ్ళు పోస్తే మరుగు తగ్గి లోపలి మాంసం ఉడకడానికి సమయం దొరుకుతుంది. తేలగానే ఉడికినట్టు కాదు. ఒకటి కోసి చూడండి, లోపల గులాబీరంగు ఉండకూడదు.

కళింగతీరం (శ్రీకాకుళం జిల్లా):

పిప్పిలా రావడానికి కారణం కైమా. షాపులో అడిగితే ఎక్కువగా రొమ్ముముక్క కొట్టిస్తారు, దానికి కొవ్వు బాగా తక్కువ. లెగ్ బోన్‌లెస్ 250 గ్రాములు అడిగి తెచ్చి చెక్క మీద కత్తితో సన్నగా కొట్టండి. ముందు ఉప్పు ముప్పావు చెంచా వేసి ఒకే దిక్కుగా కలపండి. ఉప్పుకి మాంసంలో జిగురు బయటికొచ్చి, నీటిని పట్టుకునే శక్తి వస్తుంది. 10 గ్రాముల అల్లం, రెండు ఉల్లికాడలు దంచి 60 మి.లీ. నీళ్ళలో పిండి, ఆ నీటిని చెంచా చెంచాగా పోస్తూ కలపాలి. ఒక చెంచా పీల్చుకున్నాకే రెండోది. ముద్ద గిన్నెకి అతుక్కుని గరిటె బరువెక్కితే సరిగ్గా ఉన్నట్టు. చివర్లో పప్పునూనె (నువ్వులనూనె) రెండు చెంచాలు, అరగంట ఫ్రిజ్‌లో. అక్కడి అసలు వంటకం పంది మాంసంతో, కూరగాయలు లేకుండా చేస్తారు. క్యాబేజీ కావాలంటే ఉప్పు రాసి పావుగంట తర్వాత గట్టిగా పిండి వెయ్యండి, లేకపోతే ఆ నీరే పొరని నానబెడుతుంది. రొయ్యలైతే సగం మెత్తగా, సగం బటాణీలంత ముక్కలుగా.

చంపావతి_వంటిల్లు:

ముగ్గురికీ ధన్యవాదాలు. నాగావళి గారూ, ఆ తీపి దేంతో వస్తుంది? పంచదారా, బెల్లమా?

నాగావళి:

తీపి సోయా సాస్‌తోనండి. అక్కడ ముదురు పంచదార వేస్తారు, మనకి అనకాపల్లి బెల్లం హాయిగా సరిపోతుంది. సోయా సాస్ 100 మి.లీ., నీళ్ళు 60, బెల్లం తురుము 50 గ్రాములు, అనాసపువ్వు ఒకటి, దాల్చినచెక్క కొంచెం, దంచిన అల్లం ముక్క. సన్నసెగ మీద పన్నెండు నిమిషాలు. గరిటెకి పల్చగా అంటితే దించాలి, తీగపాకం రానివ్వకండి, చల్లారితే గడ్డకడుతుంది. కొన్ని బెల్లాలు ఉప్పగా ఉంటాయి, నాలుకమీద వేసుకుని చూసి, ఉప్పు తగిలితే సోయా 80కి తగ్గించండి. వడకట్టుకోవాలి.

ఎనిమిది డంప్లింగ్స్‌కి: ఈ సోయా రెండు చిన్న చెంచాలు, మిరప నూనె ఒక పెద్ద చెంచా, అడుగున ఉన్న పలుకులు అర చెంచా, మూడు వెల్లుల్లి రెబ్బలు చిటికెడు ఉప్పుతో నూరి చెంచా నీళ్ళలో కలిపింది. చిల్లుల గరిటెతో తీసి నీరు పూర్తిగా ఓడ్చాకే గిన్నెలో వెయ్యండి. ఆ నీరు చేరితే అంత కష్టపడి చేసిన నూనె పైన తేలిపోయి, కుడుముకి అంటదు.

పూరీకర్ర:

మిగిలినవి పచ్చివిగానే పిండి చల్లిన పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా ఫ్రీజర్‌లో పెట్టి, రాయిలా అయ్యాక కవర్లోకి మార్చుకోండి. వండేటప్పుడు కరగనివ్వకుండా నేరుగా మరిగే నీళ్ళలో వేసి, చన్నీళ్ళు నాలుగోసారి కూడా పొయ్యండి.